క్యాండీ ఎసల పెరహెర: కప్ నాటడం నుంచి నీటి కోత దాకా యాత్రికులకు సమగ్ర మార్గదర్శి

శ్రీలంక కొండసీమలోని క్యాండీ నగరంలో, పాత రాజభవనాల ఆవరణలో, బుద్ధుని దంతధాతువును, అంటే ఆయన పంటి అవశేషాన్ని భద్రపరచిన శ్రీ దళదా మాళిగావ అనే ఆలయం ఉంది. ఆ ధాతువు పేరిట ఏటా జూలై, ఆగస్టు నెలల్లో జరిగే మహోత్సవమే ఎసల పెరహెర. మన వైపు నుంచి వెళ్లే యాత్రికులలో చాలామంది దీన్ని ఏనుగుల ఊరేగింపుగా మాత్రమే విని ఉంటారు. ఒక రాత్రికి కుర్చీ టికెట్టు కొనుక్కుని, అలంకరించిన ఏనుగులను ఫోటోలు తీసుకుని, మర్నాడు ఉదయమే నువర ఎళియకు బయలుదేరిపోతారు. అలా చూసినవారికి ఉత్సవంలో నడిమి భాగం మాత్రమే దక్కుతుంది. దేవాలయాలలో కప్ అనే ఒక కొయ్యను నాటడంతో మొదలై, మహావేలి నదిలో నీటిని కత్తితో కోయడంతో ముగిసే ఈ పదహారు రోజుల కార్యక్రమం మొత్తం ఒకే క్రతువు. దానిలో ఏ అంగం ఏ వరుసలో వస్తుందో తెలిసి వెళ్తే, మూడు నాలుగు రోజుల సెలవులోనైనా దాన్ని అర్థవంతంగా చూడవచ్చు. ఈ మార్గదర్శి ఆ వరుసను అనుసరించే సాగుతుంది.

మొదటి అడుగు: బయలుదేరక ముందే ఆలయ చరిత్ర చదువుకోండి

బుద్ధుని చితి నుంచి సేకరించిన ఎడమ పై కోరపన్ను కళింగ రాజధాని దంతపురానికి చేరి, అక్కడ తరతరాలుగా పూజలందుకుందని పాలి గ్రంథాలు చెబుతాయి. శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు గుహశివుడనే రాజు దాన్ని తన కుమార్తె హేమమాలకు, అల్లుడు దంతకుమారుడికి అప్పగించాడు. ఆమె దాన్ని కొప్పులో దాచుకుని, భర్తతో కలిసి మారువేషంలో సముద్రం దాటి, క్రీ.శ. 4వ శతాబ్దంలో అనురాధపురాన్ని ఏలుతున్న శ్రీమేఘవర్ణునికి సమర్పించింది. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలో, వంశధారకు చేరువలో, మట్టికోట ఆనవాళ్లతో ఉన్న దంతపురమే ఆ కళింగ నగరమని కొందరు చరిత్రకారులు భావిస్తారు. మరికొందరు దాన్ని ఒడిశాలో గుర్తిస్తారు. ఏది ఏమైనా, సింహళ దేశంతో తెలుగు నేలకు బౌద్ధ సంబంధం ఉందనడానికి రాతిలో చెక్కిన సాక్ష్యం మరొకచోట స్పష్టంగా దొరుకుతుంది. నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. ఆ లోయలో లంక నుంచి వచ్చిన భిక్షువులకు వసతి ఉండేదనడానికి అదే ఆధారం.

5వ శతాబ్దపు తొలినాళ్లలో అనురాధపురానికి వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, దంతధాతువును ఊరేగించి అభయగిరి విహారానికి తీసుకువెళ్లి తొంభై రోజులు అక్కడ ఉంచేవారని రాశాడు. అందువల్ల దంతధాతు ఊరేగింపు అనే ఆచారం క్యాండీ నగరం కంటే ఎంతో పాతది. కాలక్రమంలో ఈ ధాతువు ఎవరి చేతిలో ఉంటే వారిదే రాజ్యాధికారం అనే నమ్మకం బలపడింది. రాజధాని మారినప్పుడల్లా ధాతువూ కదిలింది. అనురాధపురం, పొలొన్నరువ, దంబదెణియ, యాపహువ, కురునేగల, కోట్టె ఇలా ఎన్నో చోట్ల దానికి గుళ్లు వెలిశాయి. పోర్చుగీసువారి ధాటికి కోట్టె రాజ్యం చితికిపోయినప్పుడు దాన్ని దెల్గమువ అనే పల్లెలో దాచారు. 1592లో సింహాసనమెక్కిన మొదటి విమలధర్మసూర్యుడు దాన్ని క్యాండీకి తెచ్చి, రాజభవనం పక్కనే ఆలయం కట్టించాడు. మనం ఇప్పుడు చూసే లోపలి రెండంతస్తుల మందిరం 18వ శతాబ్దపు తొలి భాగంలో పాలించిన వీర పరాక్రమ నరేంద్రసింహుని కాలం నాటిది.

ఇక్కడినుంచి కథ తెలుగువారికి మరింత దగ్గరవుతుంది. నరేంద్రసింహుడు 1739లో వారసుడు లేకుండా మరణించగా, మదురై నాయక బంధువర్గం నుంచి వచ్చిన ఆయన రాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహుడనే పేరుతో రాజయ్యాడు. అప్పటినుంచి 1815 వరకు క్యాండీని ఏలిన నలుగురు రాజులూ ఆ నాయక వంశంవారే, అంటే తెలుగు మూలాలు గల కుటుంబంవారే. వారిలో రెండవవాడైన కీర్తి శ్రీ రాజసింహుడు (1747–1782) 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి ఉపాలి థేరుడనే పెద్ద భిక్షువును రప్పించి, లంకలో అంతరించిపోయిన ఉపసంపదను, అంటే భిక్షువుల పూర్తి దీక్షను పునరుద్ధరించాడు. అంతవరకు పెరహెర ప్రధానంగా దేవతల ఊరేగింపు. బౌద్ధ రాజ్యంలో బుద్ధునికి స్థానం లేని ఉత్సవమేమిటని సయాం భిక్షువులు అడగగా, ఈ రాజు దంతధాతు పేటికను ఊరేగింపు అగ్రభాగాన నడిపించాడని సంప్రదాయం చెబుతుంది. పుట్టుకతో శైవ వైష్ణవ ఆచారాలలో పెరిగిన ఒక నాయక రాజు వేసిన ఆ వరుసనే క్యాండీ ఇప్పటికీ పాటిస్తోంది. ఆలయం ముందు కనిపించే అష్టభుజి మండపాన్ని, పక్కనున్న సరస్సును నిర్మించినవాడు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. 1815 మార్చి 2న మగుల్ మడువ అనే కొయ్యస్తంభాల కొలువుకూటంలో రాజ్యం ఆంగ్లేయుల పరమైంది. ఆ చివరి రాజు వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో కన్నుమూశాడు.

రెండవ అడుగు: తేదీలను పంచాంగంతో అంచనా వేసి, ప్రకటనతో సరిచూసుకోండి

ఉత్సవం తేదీలు ఏటా మారతాయి. ఆలయం అధికారికంగా ప్రకటించేదాకా ఆగితే విమాన టికెట్లు ఖరీదవుతాయి, గదులు నిండిపోతాయి. ఈ విషయంలో తెలుగు పంచాంగం తెలిసినవారికి ఒక సౌలభ్యం ఉంది. ఆఖరి ఐదు రాత్రుల ఊరేగింపైన రందోలి పెరహెరలో చివరిది జరిగే నికిని పోయ, అంటే పౌర్ణమి రోజు మన శ్రావణ పూర్ణిమకు, అంటే జంధ్యాల పౌర్ణమికి సరిపోతుంది. ఆషాఢ అమావాస్య వెళ్లిన తరువాత నాథ, విష్ణు, కతరగమ, పత్తిని అనే నాలుగు దేవాలయాలలో కప్ నాటుతారు. తరువాత ఐదు రాత్రులు ఆ దేవాలయాల ఆవరణలలోనే చిన్న ఊరేగింపులు సాగుతాయి. అక్కడినుంచి ఐదు రాత్రులు కుంబల్ పెరహెర, ఆపైన ఐదు రాత్రులు రందోలి పెరహెర వీధులలో నడుస్తాయి.

2024ను ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఏడు కుంబల్ పెరహెర ఆగస్టు 10న మొదలైంది, చివరి రందోలి శ్రావణ పూర్ణిమ అయిన ఆగస్టు 19న జరిగింది, మర్నాడు ఆగస్టు 20న పగటి పెరహెరతో ఉత్సవం ముగిసింది. తిథి రెండు రోజులలో వ్యాపించి ఉన్నప్పుడు మన పండుగకూ వారి పోయ రోజుకూ ఒక రోజు తేడా రావచ్చు. 2025లో అలాగే వచ్చింది. అధికమాసం వచ్చిన ఏట నిజమాసాన్నే లెక్కలోకి తీసుకోవాలి. 2023లో మనకు అధిక శ్రావణం రాగా, పెరహెర నిజ శ్రావణ పూర్ణిమ నాడు ఆగస్టు చివరన జరిగింది. ఈ లెక్కతో నెలల ముందే సెలవు పెట్టుకోవచ్చు. అయితే డబ్బు తిరిగిరాని టికెట్లు కొనేముందు మాత్రం దళదా మాళిగావ ప్రకటించిన పట్టికను తప్పక చూడండి, ఎందుకంటే ప్రతి రాత్రి ఊరేగింపు బయలుదేరే ముహూర్తాన్ని కూడా జ్యోతిష్కులు విడివిడిగా నిర్ణయిస్తారు.

మూడవ అడుగు: మీకు తగిన రాత్రులను ఎంచుకోండి

పది రాత్రులూ ఉండగలిగేవారు అరుదు. వయసు మళ్లిన తల్లిదండ్రులతోనో చిన్నపిల్లలతోనో వెళ్లేవారు కుంబల్ రాత్రులను ఎంచుకోవడమే మేలు. ఏనుగులు, నర్తకులు తక్కువగా ఉన్నా ఊరేగింపు వరుస అదే, తొక్కిసలాట భయం తక్కువ, చోటు సులభంగా దొరుకుతుంది, త్వరగా ముగుస్తుంది. రాత్రి రాత్రికీ ఊరేగింపు పెరుగుతూ పోతుంది. రందోలి మొదలైన రాత్రి నుంచి రాచఠీవి వస్తుంది. ఒకప్పుడు రాణుల పల్లకీలు కూడా కదిలే రాత్రులు గనుక వాటికి ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు దేవాలయాల పల్లకీలు ఊరేగింపు చివర నడుస్తాయి.

నాలుగు రోజులే వీలున్నవారు చివరి నుంచి మూడవ రాత్రికి చేరుకుని, నాలుగవ రందోలిని కాలిబాట మీద కూర్చుని, చివరి రందోలిని వీలైతే కుర్చీలో నుంచి, మర్నాటి పగటి పెరహెరను నిలబడి చూడాలని నా సలహా. ఒకే రాత్రి చూడగలిగేవారు చివరి రాత్రి కోసం పట్టుపట్టకుండా రెండవ లేదా మూడవ రందోలికి వెళ్లడం మంచిది. వైభవంలో పెద్ద లోటు ఉండదు, జనం మాత్రం గణనీయంగా తక్కువ.

నాలుగవ అడుగు: ప్రయాణం, బస

భారతీయులు బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. దాని రుసుము నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి, మధ్యవర్తుల సైట్లను నమ్మవద్దు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు నుంచి కొలంబోకు నేరుగా విమానాలు ఉన్నాయి. కొలంబో నుంచి క్యాండీ దాదాపు 115 కిలోమీటర్లు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం, కడుగన్నావ కనుమ ఎక్కేటప్పుడు దారి చాలా అందంగా ఉంటుంది. పెరహెర రోజులలో రిజర్వేషన్ లేకుండా స్టేషనుకు వెళ్లకండి. వానలకు కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిన సందర్భాలు ఉన్నందున ముందురోజు విచారించుకోండి.

గది నగరం నడుమ దొరికితే అదృష్టమే. దొరకకపోతే పేరాదెణియ, కటుగస్తోట వైపు చూడవచ్చు. సాయంత్రానికి ఊరేగింపు వీధులన్నీ వాహనాలకు మూసివేస్తారు, ఊరేగింపు ముగిశాక ఆటోలకు గిరాకీ విపరీతంగా ఉంటుంది. కాబట్టి అర్ధరాత్రి పిల్లాపెద్దలతో నడిచి చేరుకోగలంత దూరంలో బస ఉండేటట్లు చూసుకోవడం, గది సౌకర్యాల కంటే ముఖ్యం. పోయ రోజున దేశమంతటా మద్యం అమ్మకాలు ఉండవు. శాకాహారులకు అన్నం, పరిప్పు, కొబ్బరి సంబోల్, ఇడియాప్పం, అప్పాలు అంతటా దొరుకుతాయి. కూరలలో ఎండు మాల్దీవు చేపల పొడి వేసే అలవాటు ఉందని గుర్తుంచుకుని, ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగండి.

ఐదవ అడుగు: ఊరేగింపుకు ముందు ఆలయాన్ని పగటిపూట దర్శించండి

లోపల జరిగే నిత్యపూజను చూడకుండా వీధిలోని ఊరేగింపును చూస్తే, ఏనుగు మీద వెళ్తున్నదేమిటో మనసుకు పట్టదు. అందుకే వచ్చిన మర్నాడు ఉదయమే గుడికి వెళ్లండి. తెల్లని లేదా లేతరంగు దుస్తులు, భుజాలూ మోకాళ్లూ కప్పేవి వేసుకోవాలి. చెప్పులు బయట వదలాలి. 1998లో ఆలయం ముందు బాంబు దాడి జరిగినప్పటి నుంచి తనిఖీ గట్టిగా ఉంటుంది, దానికి సమయం కేటాయించుకోండి. విదేశీయులకు ప్రవేశ రుసుము ఉంది. సార్క్ దేశాలవారికి తగ్గింపు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. ఒంటి మీద బుద్ధుని బొమ్మ పచ్చబొట్టుగా ఉన్నవారు దాన్ని పూర్తిగా కప్పుకోవాలి, శ్రీలంకలో అది చట్టపరమైన చిక్కులు తెచ్చిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. బుద్ధ విగ్రహానికి వీపు చూపి ఫోటో దిగడం కూడా అపచారమే.

రోజుకు మూడు పూటలు, తెల్లవారుజామున, మధ్యాహ్నానికి ముందు, సాయంకాలం, తేవావ అనే పూజ జరుగుతుంది. ఆ సమయాలలోనే పై అంతస్తులోని ధాతు మందిరం తలుపులు తెరుస్తారు. కింది మండపంలో వాద్యకారులు డప్పులు మోగిస్తూ, సన్నాయి లాంటి హొరణావ ఊదుతుంటే, పైన భక్తులు పూలపళ్లేలతో వరుసలో కదులుతారు. బయట అమ్మే తామరలు, నీలికలువలు కొనుక్కోండి. పూలను వాసన చూడకుండా సమర్పించే ఆచారం మనకూ ఉన్నదే. అయితే ఇక్కడ తీర్థం, ప్రసాదం, అర్చన ఉండవు. పూలు ఉంచి, చేతులు జోడించి, రెండు క్షణాలు నిలిచి పక్కకు తప్పుకోవాలి. భిక్షువులను తాకకూడదు, వారికంటే ఎత్తైన ఆసనంపై కూర్చోకూడదు.

మీకు కనబడేది స్తూపాకారంలో ఉన్న బంగారు కరండం. దానిలో ఒకదానిలో ఒకటిగా ఏడు పేటికలు ఉంటాయి, అన్నింటికంటే లోపల ధాతువు ఉంటుంది. ధాతువును నేరుగా చూపించడం చాలా అరుదు. 2025 ఏప్రిల్‌లో అలా ప్రదర్శించినప్పుడు, పదహారేళ్ల తరువాత వచ్చిన అవకాశమని లక్షల మంది క్యాండీ వీధులలో బారులు తీరారు. పెరహెరలో కూడా అసలు ధాతువు బయటికి రాదు. దాని స్థానంలో ఉత్సవాల కోసం ఉద్దేశించిన వేరొక కరండం ఏనుగునెక్కుతుంది. మూలవిరాట్టు గర్భాలయంలోనే ఉండి ఉత్సవమూర్తి మాడవీధులలో తిరగడం చూసిన మనకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ప్రతినిధి అనే కారణంగా గౌరవం ఒక వీసమెత్తు కూడా తగ్గదు.

గర్భమందిరం వెనుకనున్న అలుత్ మాళిగావలో దంతధాతువు కథను వరుస చిత్రాలుగా పెట్టారు. దంతపురం, హేమమాల, ఓడ ప్రయాణం అన్నీ అక్కడ కనిపిస్తాయి. పిల్లలకు కథ చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. తరువాత బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న నాథ దేవాలయాన్ని, పత్తిని దేవాలయాన్ని, వీధికి అటువైపున్న విష్ణు దేవాలయాన్ని కూడా చూసి రండి. రాత్రి ఊరేగింపులో వాటి వంతు వచ్చినప్పుడు గుర్తుపట్టగలుగుతారు.

ఆరవ అడుగు: వీధిలో చోటు సంపాదించడం

ఊరేగింపు మాళిగావ నుంచి బయలుదేరి దళదా వీధి, యటినువర వీధి, డి.ఎస్. సేనానాయక వీధి, రాజ వీధి మొదలైన వాటి గుండా తిరిగి ఆలయానికి చేరుతుంది. కాలిబాటలు అందరికీ ఉచితం. స్థానిక కుటుంబాలు ఉదయం నుంచే చాపలు, ప్లాస్టిక్ పట్టాలు పరచుకుని కూర్చుంటాయి. రందోలి రాత్రులలో మధ్యాహ్నం దాటాక వచ్చినవారికి ముందు వరుస దొరకడం కష్టం. ఖాళీగా కనిపించిన పట్టా మీద కూర్చునే ముందు పక్కవారిని అడగండి. సాధారణంగా వారే కాస్త జరిగి చోటిస్తారు.

డబ్బు చెల్లించి కూర్చోదలచినవారు దుకాణాల ముందు వేసిన కుర్చీలను గానీ మేడల కిటికీలను గానీ తీసుకోవచ్చు. ధరలు రాత్రిని బట్టి, వీధిని బట్టి బాగా మారతాయి. కొనే ముందు ఆ చోటికి స్వయంగా వెళ్లి, కుర్చీ నంబరు, వరుస, ఎదురుగా స్తంభమో చెట్టో అడ్డం ఉందా అన్నది చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. మేడమీది నుంచి ఊరేగింపు పొడవు బాగా తెలుస్తుంది గానీ, మద్దెల దెబ్బ గుండెకు తగిలేది కింద కూర్చున్నప్పుడే. నా మట్టుకు కాలిబాటే ఉత్తమం.

గొడుగు తీసుకువెళ్లవద్దు, వెనుకవారికి అడ్డమవుతుంది. ఆగస్టులో క్యాండీలో తుంపర తరచూ పడుతుంది, అందుకని మడిచే వానకోటు చాలు. మంచినీళ్లు, అటుకులో చెగోడీలో ఏదైనా పొడి తినుబండారం, కూర్చోవడానికి మందపాటి గుడ్డ ఉంటే సరిపోతుంది. మరుగుదొడ్డి ఎక్కడుందో వెలుతురుండగానే చూసుకోండి, ఒకసారి తాళ్లు కట్టాక వీధి దాటనివ్వరు. డ్రోన్లు ఎగరవేయవద్దు.

ఏడవ అడుగు: ఊరేగింపును వరుసగా గుర్తుపట్టండి

ముహూర్తానికి ఫిరంగి మోగుతుంది. వీధిలోని మాటలు సద్దుమణుగుతాయి. ముందుగా కొరడాలు ఝళిపించేవారు వస్తారు. జనుముతో పేనిన పొడవాటి కొరడాలను తల చుట్టూ తిప్పి నేలకు కొట్టకుండానే గాలిలో పేల్చుతారు. దారి తొలగమన్న హెచ్చరిక అది. వారి వెనుక అగ్నిగోళాలు తిప్పేవారు. కొరడా ఉరుముకు, నిప్పు మెరుపుకు సంకేతాలని, ఈ ఉత్సవం మూలంలో వానకోసం చేసిన ప్రార్థన ఉందని పెద్దలు చెబుతారు. తరువాత పతాకాలు పట్టినవారు, వారి వెనుక మొదటి ఏనుగు. దాని మీద కూర్చున్న అధికారిని పెరమునె రాళ అంటారు. ఆలయ సేవలూ మాన్యాలూ రాసిన తాటాకు కవిలె ఆయన చేతిలో ఉంటుంది. ఎవరి భూమికి ఏ సేవ బాధ్యతగా ఉన్నదో చెప్పే పత్రం దేవుని సొత్తు కంటే ముందు నడవడం, ఈ ఉత్సవం భూములూ కులవృత్తులూ రాజాజ్ఞల మీద నిలిచిన వ్యవస్థ అని చూపిస్తుంది.

ఆ వెంట వాద్యబృందాలు, అంకుశం ధరించి ఏనుగు మీద వచ్చే గజనాయక నిలమే అనే ఏనుగుల అధికారి, నాట్యబృందాలు వరుసగా సాగుతాయి. క్యాండీ నృత్యంలో వెస్ నర్తకులను తల మీది వెండి శిరోవేష్టనం, ఛాతీ మీది పూసల వలను బట్టి గుర్తించవచ్చు. ఇత్తడి కంకణం లాంటి పంతేరు వాయిస్తూ ఆడేవారు వేరు, చిన్న ఉడుక్కను చేతబట్టి ఆడేవారు వేరు. ఇరుపక్కలా వెలుగునిచ్చే దివిటీలవారిని గమనించకుండా వదలకండి. పొడవైన కర్ర కొనన ఇనుప బుట్ట, అందులో మండే ఎండుకొబ్బరి. సంచీ భుజాన వేసుకున్న మరొకడు పక్కనే నడుస్తూ, మంట తగ్గినప్పుడల్లా గుప్పెడు కొబ్బరి ముక్కలు అందిస్తాడు. నూనె చుక్కలు, నిప్పురవ్వలు రాలుతుంటాయి కాబట్టి ముందు వరుసలో పిల్లల కాళ్లను లోపలికి లాక్కోండి. విద్యుద్దీపాలు ఎన్ని ఉన్నా ఆ కొబ్బరి మంట వెలుగులోనే ఏనుగు వస్త్రాల జరీ ప్రాణం పోసుకుంటుంది.

నేల మీద తెల్లని గుడ్డ కనిపించిందంటే మాళిగావ దంతి సమీపించినట్లే. ఆ గుడ్డను పావాడ అంటారు. కరండం మోసే ఏనుగు పాదం మట్టిని తాకకూడదు గనుక, కొందరు ముందు గుడ్డ పరుస్తూ, కొందరు అది నడిచిపోయిన గుడ్డను వెనుక చుట్టి మళ్లీ ముందుకు పరుగున తెస్తూ ఉంటారు. ఇరుపక్కలా మరో రెండు ఏనుగులు నడుస్తాయి. ఆ క్షణంలో కూర్చున్నవారంతా లేచి నిలబడి, చేతులు జోడించి, "సాధు, సాధు, సాధు" అంటారు. మీరూ లేవండి, ఫోను కాసేపు దించండి. వెనుకనే నడుముకు గజాల కొద్దీ వస్త్రం చుట్టి, నాలుగు మూలల టోపీ పెట్టుకుని, పరివారంతో నడిచి వచ్చే పెద్దమనిషి దియవదన నిలమే, ఆలయ గృహస్థ ధర్మకర్త. దంతధాతువుకు ఆయన, మల్వత్త, అస్గిరియ విహారాల మహానాయక థేరులతో, అంటే ప్రధాన భిక్షువులతో కలిసి బాధ్యుడు.

దళదా పెరహెర దాటిపోగానే సగంమంది పర్యాటకులు లేచి వెళ్లిపోతుంటారు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఇంకా నాలుగు దేవాలయాల ఊరేగింపులు మిగిలే ఉంటాయి. ప్రతిదానికీ తన ఏనుగులు, తన వాద్యాలు, తన బస్నాయక నిలమే, అంటే ఆ దేవాలయపు గృహస్థ ధర్మకర్త ఉంటారు. ముందు నాథుడు. ఈయనను అవలోకితేశ్వర బోధిసత్వునిగా భావిస్తారు. తరువాత లంకకు, బౌద్ధానికి రక్షకుడని సింహళులు నమ్మే విష్ణువు. మూడవది కతరగమ దేవుడు, మన సుబ్రహ్మణ్యేశ్వరుడే. కావడులు, నెమలి పింఛాలు కనబడగానే మనవారు గుర్తుపడతారు. చివరన పత్తిని దేవి, అంటే కణ్ణగి. వ్యాధులనుంచి కాపాడే తల్లిగా ఆమెను కొలుస్తారు. నాలుగు దేవాలయాల బృందాలలో స్త్రీలు నాట్యం చేసేది ఈమె ఊరేగింపులోనే. బుద్ధుని ధాతువు ముందు, మన గుళ్లలో కొలిచే దేవతలు వెనుక నడిచే ఈ వరుసను చివరిదాకా చూసినప్పుడే కీర్తి శ్రీ రాజసింహుడు చేసిన ఏర్పాటు అర్థమవుతుంది.

ఏనుగుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త

ఏనుగులకు ఫ్లాష్ వేయకూడదు, అరటిపండ్లు చాచకూడదు, తాడు దాటి ముట్టుకోవడానికి ప్రయత్నించకూడదు. ఏనుగు బెదిరితే పరుగెత్తకుండా వెనుక గోడ వైపు ఒత్తిగిలి నిలబడండి. గర్భిణులు, నడవలేని పెద్దలు ముందు వరుస కంటే పక్కకు తప్పుకోగల చోట ఉండడం మంచిది. ఏనుగుల సంరక్షణ గురించి విమర్శలు నిజమైనవే. 2019లో బక్కచిక్కిన తికిరి అనే ముసలి ఏనుగును ఊరేగింపులో నడిపించడం ప్రపంచమంతటా ఆందోళన కలిగించగా, దాన్ని తప్పించారు. మంటల మధ్య, శబ్దాల మధ్య గంటల తరబడి నడపడం ఏనుగుకు సుఖం కాదు. భక్తితో వెళ్లేవారు కూడా ఈ ప్రశ్నను పక్కకు నెట్టకూడదని, ఏనుగు సవారీలు, స్నానాల పేరిట జరిగే వ్యాపారాలకు ఆ ప్రయాణంలో డబ్బు ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎనిమిదవ అడుగు: నీటి కోత, పగటి పెరహెర

చివరి రందోలి రాత్రి కరండం మాళిగావకు తిరిగి రాదు. అస్గిరియలోని గెడిగె విహారంలో ఉంచుతారు. దేవాలయాల బృందాలు మాత్రం తెల్లవారకముందే నగరానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని గెటంబె రేవుకు, మహావేలి నదికి నడుస్తాయి. పూజారులు నదిలోకి వెళ్లి కత్తితో నీటిపై వలయం గీసి, ఏడాదిగా భద్రపరచిన పాత నీటిని నదిలో పోసి, కొత్త నీటిని కుండలలో నింపుకుంటారు. ఆ నీరు వచ్చే ఏటి ఉత్సవం దాకా దేవాలయాలలో ఉంటుంది. రేవు దగ్గరకు అందరినీ అనుమతించరు. చూడాలనుకునేవారు ముందురోజే ఆటో మాట్లాడుకుని, పోలీసులు చెప్పిన చోట నిలబడాలి. ఒడ్డు తడిగా జారుడుగా ఉంటుంది. రాత్రంతా మేలుకున్న పెద్దవారిని తీసుకువెళ్లవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు ఈ బృందాలు కటుకెలెలోని గణదేవి కోవెల, అంటే వినాయకుడి గుడి వద్ద ఆగి విశ్రమిస్తాయి. మధ్యాహ్నం అక్కడినుంచి కదిలి, అస్గిరియ నుంచి వచ్చే దళదా ఊరేగింపుతో కలుస్తాయి. అదే పగటి పెరహెర. దివిటీలు ఉండవు గనుక చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. కానీ నర్తకుల ముఖాలు, వస్త్రాల మీది కుట్టుపని, డప్పుల మీద వాలే వేళ్లు స్పష్టంగా కనబడేది ఈ ఒక్క రోజే. ఫోటోలకు కూడా ఇదే సరైన సమయం. టోపీ, నీళ్లు తప్పనిసరి.

ఊరేగింపు మాళిగావలోకి ప్రవేశించాక, ఉత్సవం నిర్విఘ్నంగా ముగిసిందని తెలిపే సందేశాన్ని దియవదన నిలమే దేశాధ్యక్షునికి అందజేస్తారు. రాజుకు నివేదించే పాత ఆచారం ఈ రూపంలో కొనసాగుతోంది. ఆ సాయంత్రమే రైలు ఎక్కాలని చూడకండి, స్టేషను కిక్కిరిసి ఉంటుంది. మరో రాత్రి ఆగగలిగితే మర్నాడు రద్దీ తగ్గిన ఆలయంలో ఉదయపు తేవావను, ఆ తరువాత మగుల్ మడువ కొయ్యస్తంభాల చెక్కడాన్ని తీరికగా చూసి, మధ్యాహ్నపు రైలుకు కొలంబో చేరుకోవచ్చు.